రాజకుమారి మెడ

సోమవారం పొద్దున స్టూడియో యజమాని థర్కెల్ గారు ఫోటో గాజుపలకను రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. డార్కస్ పెన్‌ఫోల్డ్ అప్పటికే బల్ల తుడిచి, పెన్సిలు మొనను గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, సిద్ధంగా కూర్చుంది. కోటలోవాళ్ల పలకలు పందొమ్మిదేళ్లుగా ఆ ఉత్తరపు కిటికీ దగ్గరి బల్లకే వస్తున్నాయి. అందుకోవడానికి ఆమె చేతులు లేచాయి కూడా. థర్కెల్ గారు ఆ చేతుల పక్కనుంచి నడిచి వెనక బల్ల దగ్గర ఆగారు.

"వినిఫ్రెడ్, ఇది నువ్వు చూడమ్మా," అన్నారు.

లేచిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక డార్కస్ టోపీ నాడాలు విప్పి మళ్లీ కట్టుకుంది.

"తల్లీకూతుళ్లిద్దరూ ఉన్నారు, జాగ్రత్త," థర్కెల్ గారు చెబుతున్నారు. "పెళ్లికూతురు రేపే ఓడెక్కుతుంది. జర్మనీ నుంచి మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికెరుక. బాగా వచ్చిన పలక ఇదొక్కటే. రెండోదానికి డచెస్ గారు తుమ్మారు. మూడోదానికి కుక్క లేచిపోయింది. ఇది గనక పగిలితే గుమ్మం మీద కోటవాళ్లిచ్చిన రాజముద్ర మనమే దింపుకోవాలి."

"అలాగే సార్," అంది విన్నీ.

"అమ్మ చూస్తూనే ఉంటుందిలే." ఆయన డార్కస్ వైపు చూసి ఒక నవ్వు నవ్వి దిగి వెళ్లారు. వయసు మళ్లిన గుర్రాన్ని మెడ మీద తట్టినట్టుంది ఆ నవ్వు.

విన్నీ పలకను బల్ల మీద పెట్టకుండా పట్టుకునే నిలబడింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. "నువ్వు చేస్తావా అమ్మా?" అంది.

"నీకిచ్చారు. నువ్వే చెయ్యి. ముందా నీళ్లగ్లాసు తీసి అవతల పెట్టు. గౌను చేతులు పైకి మడుచుకో, గుండీ తగిలితే గీత పడుతుంది. కిటికీ గడియ వేశావా? మార్చి గాలి, చెప్పి రాదు. దగ్గొస్తే పక్కకి తిరిగి దగ్గు."

"నాకు దగ్గు లేదమ్మా."

"ఇప్పుడు లేదు."

విన్నీ పలకను చట్రంలో అమర్చింది. కింద ఉన్న అద్దం కిటికీ వెలుగును పైకి కొట్టింది. డచెస్ గారూ రాజకుమారి ఎడెలిన్ గారూ గాజులోంచి లేచారు. పలకలో లోకమంతా తారుమారు. తెల్లటి చర్మం నల్లగా, నల్లటి జుట్టు తెల్లగా ఉంటుంది. ముఖం మీది ముడత అందులో సన్నటి తెల్లగీత. ఆ గీతను పెన్సిలుతో పూడిస్తే కాగితం మీద ముడత మాయమవుతుంది. కత్తితో గీకితే గీకినచోట కాగితం మీద నలుపు పడుతుంది. పూడ్చేవాళ్లకి ఓపిక చాలు. గీకేవాళ్లకి కళ్లుండాలి.

డార్కస్ ముందు ఎవరో మేజరు భార్య పలక ఉంది. దాని మీద ఆమె పెన్సిలు ఆడుతూనే ఉంది గాని చెవులు వెనకబల్ల మీదే ఉన్నాయి. పలక చట్రంలో కదిలిన చప్పుడు. పెన్సిలు చెక్కిన చప్పుడు. ఇప్పుడు విరుగుతుంది, ఇప్పుడు జారుతుంది అనుకుంటూ ఆమె మధ్యాహ్నం దాకా ఒక్క చెంప కూడా పూర్తిచేయలేదు. విన్నీ చేతిలోంచి పలక జారి నేల మీద ముక్కలవడం, థర్కెల్ గారు తలపట్టుకోవడం, తల్లీకూతుళ్లు మూటలు పట్టుకుని వీధిలో నిలబడడం అన్నీ వరసగా కనబడ్డాయి. మూడుగంటలప్పుడు లేచి, నడుం నొప్పి వంకతో వెనక్కి వెళ్లి భుజం మీంచి చూసింది.

రాజకుమారి చెంప దాదాపు పూర్తయింది. డార్కస్ తన కూతురికి నేర్పింది సున్నాలు. చిన్న చిన్న సున్నాలు ఒకదాని పక్కన ఒకటి తిప్పుకుంటూ పోవడం. విన్నీ వేస్తున్నవి సున్నాలు కావు. గోటి అంచంత వంపు తిరిగిన గీతలు, చర్మం ఎటు సాగితే అటు వాలి, ఒకదాన్నొకటి తాకకుండా ఉన్నాయి. అంత సేపు చూసినా ఎక్కడ చర్మం ఆగి ఎక్కడ పెన్సిలు మొదలైందో డార్కస్‌కి తెలియలేదు.

"ఇదెవరు నేర్పారు?"

"ఎవరూ లేదు. అలా వచ్చింది."

డార్కస్ తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. పలక పగలదని అప్పుడామెకు అర్థమైంది. పొద్దుట్నుంచీ గుండెను పట్టుకున్న భయం వదిలింది. వదిలినచోట మంట మొదలైంది.

మంగళవారం టీ వేళకి ముందు విన్నీ తల ఎత్తి ఎడమకంటిని పిడికిలితో నులుముకుంది. ఒక్కసారే. పొద్దున్నించి వంగి కూర్చున్న ఎవరైనా నులుముకుంటారు.

డార్కస్ చూసింది. చూసి మెట్లు దిగి థర్కెల్ గారి గదికి వెళ్లింది. వెళ్లేటప్పుడు ఏమీ అనుకోలేదు. తలుపు తట్టేసరికి మాటలు వాటంతటవే వచ్చాయి.

"పిల్ల కళ్లు సార్. నాకు భయంగా ఉంది. పొద్దున లేస్తే ఎర్రగా ఉంటున్నాయి. రాత్రి తలనొప్పి అంటుంది. ఏమీ లేదంటుంది గాని తల్లిని కదా, నాకు తెలుస్తుంది. మా పిన్ని కూతురికి ఇలాగే మొదలైంది, లేసు అల్లేది. ఇరవైరెండేళ్లకి గోడ పట్టుకుని నడిచింది. మంచి పలక ఇచ్చారని మొహమాటపడి చేస్తోంది పాపం. దాని మేలు కోరి చెబుతున్నాను."

చెబుతుంటే ఆమెకే కన్నీళ్లొచ్చాయి. గోడ పట్టుకుని నడుస్తున్న విన్నీ నిజంగా కళ్ల ముందు కనిపించింది.

థర్కెల్ గారు మంచివారు. కలం కింద పెట్టి, "అయ్యో, ముందే చెప్పొద్దా?" అన్నారు. "దగ్గరి పనే వద్దు ఇక. రేపట్నుంచి కింద అతికే గదిలోకి పంపండి. అక్కడ అట్టలూ జిగురూ, కంటికి శ్రమ లేదు. పలక మీరు చూసుకోండి."

అంత దాకా పోతుందని డార్కస్ అనుకోలేదు. పలక తన బల్ల మీదికి వస్తే చాలనుకుంది. అయినా, "మీ దయ సార్," అని వచ్చేసింది.

ఇంటికి వెళ్లే దారిలో చెప్పింది. విన్నీ నది వైపు చూస్తూ నాలుగడుగులు వేసి, "నా కళ్లు బాగానే ఉన్నాయమ్మా," అంది.

"ఇప్పుడు బాగానే ఉంటాయి."

"ఊఁ," అంది విన్నీ. ఆ రాత్రి డార్కస్ చల్లటి టీనీళ్లలో గుడ్డ తడిపి కూతురి కళ్ల మీద పెట్టింది. విన్నీ కదలకుండా పెట్టించుకుంది.

బుధవారం కింద అతికే గదిలో మిసెస్ టగ్‌వెల్ పండగ చేసుకుంది. ముప్ఫయ్యేళ్లుగా ఫోటోలు అట్టలకి అతుకుతున్న మనిషి. ఆమె నోటికి జిగురు అంటలేదని అందరూ అంటారు.

"వచ్చావా అమ్మాయ్. మీ అమ్మ నిన్ను గాజుబుడ్డి కింద పెట్టి ముఖమల్ గుడ్డ కప్పుతుందనుకున్నా, జిగురుకుండలో వేసింది. ఏదీ, వేళ్లెన్ని?"

"మూడు."

"బొటనవేలు వదిలేశావ్. పాపం, నిజంగానే పోతున్నాయి కళ్లు." మెట్ల మీంచి దిగుతున్న డార్కస్‌ని చూసి గొంతు పెంచింది. "డార్కస్, నీ కూతురికి బొటనవేలు వేలో కాదో తెలీడం లేదే. డాక్టరుకి చూపించు."

విన్నీ నవ్వింది. డార్కస్ నవ్వలేదు. నీళ్లకూజా నింపుకుని పైకి వచ్చేసింది.

పలక ఇప్పుడు ఆమె బల్ల మీద ఉంది. రాజకుమారి ముఖం విన్నీ పూర్తిచేసేసింది, డచెస్ గారి ముఖం మిగిలింది. కళ్ల కొసల్లో ముడతలు, ముక్కు పక్కల గాట్లు, గడ్డం కింద వదులు. డార్కస్‌కి చేతికి వచ్చిన పనే. వంగి, ముక్కు గాజుకు తగిలేంత దగ్గరకు వెళ్లి మొదలుపెట్టింది. క్రిస్మస్ ముందు నుంచీ ఆమెకు ప్రతి గీతా రెండుగా కనిపిస్తోంది. పక్కపక్కనే నడిచే ఇద్దరు అక్కచెల్లెళ్లలా. ఏది అసలుదో ఊహించుకుని గీస్తోంది. ఇన్నాళ్లూ ఊహ తప్పలేదు. జనవరిలో మేయరు గారి భార్య పలకకి థర్కెల్ గారు, "మిసెస్ పెన్‌ఫోల్డ్, ఇంత నాజూకు మీరు ఇదివరకెన్నడూ చూపించలేదు," అన్నారు. ఆ మాట తలుచుకునే ఆమె బుధవారమంతా గడిపింది.

మధ్యమధ్య చూపు పక్కకి, రాజకుమారి మీదికి పోయేది. మెడ దగ్గర గౌను బాగా దిగి, భుజాల దాకా తెరిచి ఉంది. సూటిగా నిలిచిన మెడ. పక్కన తల్లి ఎంత నగలు పెట్టుకున్నా చూపు ముందా మెడ దగ్గరికే పోతుంది. ఆ పైన ముఖం మీద విన్నీ గీతలు. కత్తి అందుకుని ఒక్క చెంప గీకేస్తే మళ్లీ మొదట్నుంచి సున్నాలతో తానే పూడ్చుకోవచ్చు. ఎవరడుగుతారు? డార్కస్ కత్తి తీసింది. పిడి తుడిచి మళ్లీ పెట్టింది.

గురువారం కోట నుంచి మనిషి వచ్చాడు. పలక మీద పెన్సిలు తగలకముందే, శనివారం పంపిన కచ్చా ఫోటో తిరిగొచ్చింది. అలవాటు ప్రకారం దాని మీద నీలం పెన్సిలు గుర్తులున్నాయి. ఎప్పుడూ గుర్తులు డచెస్ గారి కళ్ల కింద, గడ్డం కింద ఉంటాయి. ఈసారి అక్కడ ఒకటీ లేదు. నీలం పెన్సిలంతా కూతురి మెడ చుట్టూ తిరిగింది.

థర్కెల్ గారు డచెస్ గారి చెలికత్తె రాసిన ఉత్తరం పైకి చదివారు. "రాజకుమారి గారి గొంతు సున్నితమైనదని అందరికీ తెలుసు. ఈ చలిలో అంత తెరిచి ఉన్నట్టు కనబడితే అటువైపు బంధువులు ఆందోళన పడగలరు. కనుక మెడను నీడలోకి దించి దాని మీద లేసు వచ్చేలా చేయగలరు. ముఖం కూడా మరీ వెలుగుతున్నట్టుంది. ప్రయాణపు బడలికలో ఉన్న పిల్లకు అంత వెలుగు సహజం కాదు. తగ్గించగలరు. డచెస్ గారు కేవలం కూతురి మేలు కోరి ఈ మార్పులు సూచిస్తున్నారు."

కాగితం మడిచి, "తల్లి మనసు. మీకు చెప్పేదేముంది," అన్నారు. "రేపు నాలుగింటికి వాళ్ల మనిషి వస్తాడు. మీ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ ఈ కత్తిపని ఇవ్వను."

ఆయన వెళ్లిపోయాక డార్కస్ నీలం గుర్తుల వంకే చూస్తూ కూర్చుంది. ముఖం వేడెక్కింది. నగల గదుల్లో తిరిగే ఆ మనిషి ఏ కుర్చీలో కూర్చుని ఈ మాటలు రాయించిందో, రాయిస్తుంటే ఆమెకూ కన్నీళ్లొచ్చాయేమో. రాణివాసంలో పుట్టినా ఇంతకన్నా మంచి అబద్ధం దొరకలేదు. మంగళవారం తాను థర్కెల్ గారి గుమ్మంలో నిలబడి చెప్పినదాన్నే ఎవరో మంచి చేతిరాతతో తిరగరాసి పంపినట్టుంది.

అయినా కత్తి అందుకుంది. ఇప్పుడది ఆజ్ఞ కూడా. మెడ వంపు దగ్గర మొన ఆనించింది. వంపు రెండైంది. రెప్ప కొట్టింది. ఇంకా రెండే. కుడివైపుది అసలుదనుకుని కత్తి లాగింది.

అసలుది ఎడమవైపుది. కత్తిమొన రాజకుమారి గడ్డం మీంచి వెంట్రుకంత సన్నగా, గోరంత పొడుగున తెల్లటి గీత తీసింది. కాగితం మీదికి వస్తే గడ్డం మీద నల్లటి గాటు.

డార్కస్ కత్తి కింద పెట్టింది. ఈసారి ముక్కలైన పలకా, మూటలూ, వీధీ ఏవీ కనిపించలేదు. ఆమె ఎప్పుడూ భయపడే వాటిలో ఇది లేదు. ఎప్పుడూ జారేది విన్నీ చెయ్యే. తన చెయ్యి ఎన్నడూ కాదు.

కిందికి వెళ్లేసరికి విన్నీ ముంజేతుల దాకా జిగురుతో ఏదో రెజిమెంటు వాళ్ల ఫోటోలు అతుకుతోంది.

"పైకి రా," అంది డార్కస్.

"ఎందుకమ్మా?"

మిసెస్ టగ్‌వెల్ చెవులు రిక్కించింది. డార్కస్ ఆమె ముందే చెప్పింది. "నాకు కనిపించడం లేదు. పలక మీద గీత పెట్టేశాను."

అప్పుడే తీసిన ఫోటో మిసెస్ టగ్‌వెల్ వేళ్లకి అంటుకుని ఉండిపోయింది.

విన్నీ చేతులు కడుక్కుని, గోళ్ల కింద కూడా కడుక్కుని పైకి వచ్చింది. పలక మీదికి వంగి చాలాసేపు చూసింది. తల్లి కుర్చీలో కూర్చుని పెన్సిలు చెక్కింది. ఆ గీతను ఒక చివర్నుంచి పూడ్చడం మొదలుపెట్టింది.

ఎప్పట్నుంచి అని విన్నీ అడగకుండానే డార్కస్ తానే చెప్పింది. "క్రిస్మస్ ముందు నుంచి. నీకు చెప్పలేదు."

"తెలుసు," అంది విన్నీ, తలెత్తకుండా.

"ఏం తెలుసు?"

"నువ్వు టీకి దిగినప్పుడల్లా నీ పలకలు చూస్తున్నాను కదా. గీతలు పక్కకి జరిగేవి. సరిచేసి పెట్టేదాన్ని."

డార్కస్ కిటికీ చట్రం పట్టుకుంది. "ఏ పలకలు?"

"ఉన్నవన్నీ."

"మేయరు భార్య?"

విన్నీ పెన్సిలు ఒక్కక్షణం ఆగింది. "అది కొంచెం ఎక్కువే చేయాల్సొచ్చింది," అంది.

బయట వీధిలో పాలబండి వాడు గుర్రాన్ని ఏదో తిడుతున్నాడు. డార్కస్ కూతురి వంగిన వీపు వైపు చూసింది. ఆ మెడ కూడా సూటిగానే ఉంది. ఆ క్షణాన ఆ పిల్ల మీద పుట్టినంత కోపం ఆమెకు ఎవరి మీదా పుట్టలేదు. తిట్టినా బాగుండేది. అందరి ముందూ బయటపెట్టినా బాగుండేది. నాలుగు నెలలు నోరెత్తకుండా తల్లి పరువు కాపాడింది. జనవరి నుంచి తాను దాచుకుని దాచుకుని తలుచుకున్న ఆ ఒక్క మెప్పు కూడా విన్నీదే.

"మరి మంగళవారం నేను చెప్పినప్పుడు ఎందుకు ఊరుకున్నావ్? సార్ దగ్గరికెళ్లి ఒక్కమాట అంటే సరిపోయేది."

"నీ కుర్చీ కదమ్మా," అంది విన్నీ.

శుక్రవారం పదింటికల్లా గడ్డం మీది గీత పోయింది. విన్నీ నీలం గుర్తుల ఫోటో పక్కన పెట్టుకుని, పెదవి కొరుకుతూ, కత్తి అందుకుంది.

"మెడ ఇంత బాగుంటే ఎందుకు కప్పమంటోంది? చలి అంటే ఫోటోలోకి చలెక్కడ్నించి వస్తుంది?"

"కత్తి కింద పెట్టు," అంది డార్కస్.

"మరి ఉత్తరం?"

"పిల్ల జోలికి వెళ్లకు. తల్లిని చూడు. కళ్ల కింద పూర్తిగా తీసెయ్. ముక్కు పక్కల కొంచెం ఉంచు, లేకపోతే బొమ్మలా ఉంటుంది. గడ్డం కింద పూడ్చు. మెడలో ఆ రెండు నరాలు కనపడకూడదు. నడుం దగ్గర గోరంత తగ్గించు. ఆమెకి పదేళ్లు తీసి చేతిలో పెట్టు. ఆమె ఇంక పిల్ల మెడ వంక చూడదు."

"ఆమె గుర్తులేమీ పెట్టలేదు కదా తన ముఖం మీద."

"పెట్టదు. కూతురి పక్కన తన ముఖం చూసుకుని, ఇంకేం లాభం అనుకుంది. అందుకే పెట్టలేదు."

విన్నీ తిరిగి తల్లి ముఖంలోకి చూసింది. "నీకెలా తెలుసు?"

"చెప్పింది చెయ్యి," అంది డార్కస్.

తాను పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. చూపు ఆనకపోయినా చోటు వేలితో చూపిస్తూ, ఏ ముడత ఎంత లోతు ఉంటే ఎన్ని వరసలు వేయాలో చెబుతూ పోయింది. చేతులు విన్నీవి. మూడున్నరకి పలక దిగింది. ఎండలో పెట్టి తీసిన ఫోటో ఇంకా తడిగా ఉండగానే డార్కస్ పట్టుకుని కిందికి వెళ్లింది.

థర్కెల్ గారు వెలుగులోకి పట్టి చూశారు. "లేసు ఏదీ?"

"వేయలేదు సార్."

"వేయలేదంటే?"

"నేనే వద్దన్నాను. ఇంకో మాట. కళ్లు పోతున్నవి నావి. విన్నీవి బాగానే ఉన్నాయి. ఈ పని విన్నీది. క్రిస్మస్ ముందు నుంచి నా పలకలన్నీ కూడా విన్నీ పనే."

ఆయన ఫోటో బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి, ఆమె నిలబడిన తీరు చూశారు. గొంతు కాస్త మెత్తబరచుకున్నారు. "భయపడి అలా చెప్పి ఉంటారులెండి. తల్లులంతా అంతే."

తల ఊపితే సరిపోయేది. ఆ ఊళ్లో డార్కస్ పెన్‌ఫోల్డ్ భయం అందరికీ తెలిసిందే.

"భయం కాదు సార్," అంది.

ఆయన ఇంకా ఏదో చెబుతుందని ఆగారు. బయట కోట మనిషి గంట కొట్టాడు. రెండో పలకా లేదు, రెండో రోజూ లేదు. ఫోటోను పల్చటి కాగితంలో చుట్టి ఇస్తూ థర్కెల్ గారు, "సోమవారం రాజముద్ర దింపాల్సొస్తే నిచ్చెన పట్టుకునేది మీరే," అన్నారు.

శనివారం, ఆదివారం డార్కస్ అన్నం సరిగా తినలేదు. చర్చిలో పాదిరి గారు ఏం చెప్పారో వినలేదు. సోమవారం పదకొండింటికి ఉత్తరం వచ్చింది. డచెస్ గారు చాలా తృప్తి చెందారు. పోలిక అద్భుతంగా కుదిరింది. బంధువులకు పంపడానికి మూడు డజన్లు, పెద్ద సైజువి మరో ఆరు కావాలి. మెడ మాట లేదు. లేసు మాట లేదు. రాజకుమారి మాటే లేదు.

డార్కస్ ఆ ఉత్తరం విన్నీకి ఇచ్చి, తన బల్ల సొరుగులోంచి కళ్లజోడు పెట్టె, దువ్వెన, పిప్పరమెంట్ల డబ్బా తీసుకుంది. "చలిగాలి వస్తుంది, వీపుకి శాలువా కట్టుకో," అని చెప్పి మెట్లు దిగింది.

మిసెస్ టగ్‌వెల్ జరిగి చోటిచ్చింది. "రా. జిగురు చల్లారితే ఉండలు కడుతుంది, తిప్పుతూ ఉండు. ఏ వేలు ఎక్కడుందో చూసుకోనక్కర్లేదు ఇక్కడ, ఎలాగూ అన్నీ అంటుకునే ఉంటాయి."

"నీ నోరు తప్ప," అంది డార్కస్.

మధ్యాహ్నానికి మొదటి డజను పైనుంచి దిగాయి. డార్కస్ తడిగుడ్డతో చెయ్యి తుడుచుకుని ఒక ఫోటో అట్ట మీద పరిచి, మధ్యలోంచి అంచులకు అరచేత్తో ఒత్తింది. డచెస్ గారు అక్కలా ఉన్నారు. పక్కన పెళ్లికూతురు మెడ సూటిగా, ఏ నీడా లేకుండా. పై అంతస్తులో కుర్చీ కిటికీ వైపు కొంచెం జరిగిన చప్పుడైంది. డార్కస్ అట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ముక్కుకు ఆనించుకునేంత దగ్గరగా పట్టుకుని, రాజకుమారి గడ్డం మీద తన కత్తి పెట్టిన గీత కోసం వెతికింది. వెలుతురుకు అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. బొటనవేలితో తడిమింది.

ఎక్కడా లేదు. ఉంటే బాగుండుననిపించింది. వెంట్రుకంతైనా చాలు. అలా అనిపించినందుకు సిగ్గుతో ఇంకాసేపు అక్కడే నిలబడి, తర్వాత వెళ్లి జిగురు తిప్పింది.